బీరువాలోని చాక్లెట్టు డబ్బా

క్రిందటి నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి నాలుగే నాలుగు పంక్తులు. ఒక సోదరి వ్రాసినారు. అమెరికాలో ఉన్న కుమారుడు రెండేండ్ల క్రిందట వచ్చినప్పుడు తెచ్చిన చాక్లెట్ల డబ్బా బీరువాలో చీరల క్రింద అట్లే ఉన్నదట. ఈ మధ్య తీసి చూస్తే పైన తెల్లగా పొడి పట్టినట్లున్నదట. “పారవేయడానికి మనసు రాదు, మనుమలకు పెట్టడానికి ధైర్యము చాలదు. ఏమి చేయమంటారు?” అని అడిగినారు.

ఈ సందేహం ఆమె ఒక్కరిది కాదు. మన రాజపాళయంలో పిల్లలు దూరదేశాలలో లేని ఇల్లు వెదకవలసిందే. మదరాసు, బెంగుళూరు సరే, సింగపూరు, దుబాయి, అమెరికా నుంచి వచ్చేవారి పెట్టెలలో బట్టలకన్న ముందు చాక్లెట్లు దిగుతవి. వచ్చిన రోజు పంచుట, మరునాడు చుట్టాలకు పంపుట, మిగిలినది బీరువాలో దాచుట, ఇదీ వరస. ఆ మిగిలినది దసరాకు కనబడుతుంది, సంక్రాంతికి కనబడుతుంది, మళ్లీ ఆ అబ్బాయి వచ్చేసరికి ఇంకొక డబ్బా చేరుతుంది. అందుచేత ఈ నెల మన పుటలు దీనికే కేటాయించుచున్నాము.

ముందు తేదీ సంగతి చూతము. చాలామంది ఇక్కడే తికమక పడుచున్నారు.

మన దేశపు పొట్లము మీద తయారైన తేదీ వేసి, “తయారైన నాటినుంచి ఇన్ని నెలల లోపల తినుట మేలు” అని వ్రాసే పద్ధతి చాలాకాలం ఉండేది. దానినే బెస్ట్ బిఫోర్ అంటారు. అనగా అప్పటివరకు రుచి, వాసన, మెత్తదనము తయారు చేసినవాడు చెప్పినట్లుండును. ఆ తేదీ దాటిన మరునాడు అది విషమగునని అర్థం కాదు. యూజ్ బై, ఎక్స్‌పైరీ అన్న మాటలు వేరు. ఆ తేదీ దాటినది తినరాదు, అమ్మరాదు. మన ఆహార భద్రతా సంస్థ 2020లో చేసిన లేబుళ్ల నిబంధనలలో ఈ యూజ్ బై తేదీ వేయడం తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్ అన్నది కావాలంటే అదనంగా వేసుకొనవచ్చునని చెప్పినది. కాబట్టి మన కొట్టులో కొన్న చాక్లెట్టు మీద యూజ్ బై, ఎక్స్‌పైరీ అని ఉంటే దానిని మీరడానికి మేము సలహా ఇవ్వము.

అమెరికా డబ్బాల సంగతి ఇంకొక తరహా. అక్కడ పసిపిల్లల పాలపొడికి తప్ప తక్కిన ఆహారాలకు తేదీ వేసి తీరవలెనని కేంద్ర చట్టం లేదు. వేసేవారు తమ ఇష్టం మీద వేస్తారు. కొన్ని డబ్బాల మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఒక గుర్తు తప్ప ఏమీ ఉండదు. అది ఫ్యాక్టరీవారి లెక్క, మనకు పనికిరాదు. ఇంకొక చిక్కు, అక్కడివారు నెలను ముందు, రోజును తరువాత వ్రాస్తారు. 03/07/25 అని ఉంటే మనము జూలై 3 అనుకొంటాము. వారికది మార్చి 7. నాలుగు నెలల తేడా! గుమాస్తా పని చేసినవారికి తెలుసును, తేదీ ఒకటి తప్పు చదివితే ఫైలంతా తలక్రిందులౌతుంది. ఏదైనా ఒక అంకె 12కు మించి ఉంటే రోజు ఏదో నెల ఏదో తేలిపోతుంది. లేకుంటే తెచ్చిన అబ్బాయినే ఫోనులో అడుగుట మంచిది.

ఇక చాక్లెట్టు ఎందుకు నిలువ ఉంటుంది? దీనికి దూరం పోనక్కరలేదు, శ్రీవిల్లిపుత్తూరు చాలును. అక్కడి పాల్‌కోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పాలు, పంచదార తప్ప మూడవది లేని ఆ తీపి మనకు బస్సు దిగి కొనుక్కునేంత దగ్గర. దానిని ఎన్నాళ్లు ఉంచుతాము? కొద్ది దినాలు. తరువాత పులుపు వాసన, ఆపైన బూజు. పాలు ఎంత మరగించినా కోవాలో తేమ మిగులును. తేమ ఉన్నచోట బూజుకు, సూక్ష్మజీవులకు కాపురం. చాక్లెట్టులోనూ పాలు, పంచదార ఉన్నవి గదా అనవచ్చును. కాని అందులో వేసేది పాలపొడి. తేమ నూటికి ఒక పాలు, మించితే రెండు పాళ్లు. పంచదార, కోకో, పాలపొడి అన్నీ కోకో వెన్నలో మునిగి ఉండును. బూజు మొలకెత్తడానికి అక్కడ నీరు లేదు. మన ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని పెద్దవాళ్లకు ఈ సూత్రం ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కరలేదు. కోవిల్‌పట్టి కడలైమిట్టాయి పాల్‌కోవా కన్న ఎక్కువ రోజులు నిలుచుటకు కారణం కూడా ఇదే, పాకం ముదిరి తేమ పోవుట.

కాబట్టి నిఖార్సయిన చాక్లెట్టు పలక, లోపల ఏమీ కూరనిది, పొట్లం విప్పనిది, ఎండ తగలనిది, తేదీ దాటి కొద్ది నెలలైనంత మాత్రాన మనుష్యునికి హాని చేయుట బహు అరుదు. రుచి తగ్గును. అంతే.

అయితే ఆ తెల్లని పొడి మాటేమిటి?

ప్రతి ఇంటిలోనూ జరిగేదే. మనుమడు డబ్బా తెరిచి “అవ్వా, బూజు పట్టింది” అంటాడు. అవ్వ అద్దాలు సవరించుకొని “బూజు కాదురా, పిండి అంటుకొన్నదేమో” అంటుంది. ఇద్దరిలో అవ్వ మాటకే కొంత దగ్గర. అది పిండి కాదు గాని బూజు అంతకన్నా కాదు. కోకో వెన్న గట్టిపడేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా కట్టగలదు. తయారు చేసేవారు చాక్లెట్టును వేడిచేసి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడిచేసి, అయిదవ రకం స్ఫటికం కట్టేటట్లు చూతురు. మెరుపు, విరిచితే టప్పుమనే శబ్దం, నోట పెట్టగానే కరగడం, ఇవన్నీ ఆ అయిదవ రకపు గుణాలు. అది సుమారు 34 డిగ్రీల వద్ద కరుగును. మన ఊరి చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం 36, 37 డిగ్రీలంటే వింత లేదు. బీరువాలోని చాక్లెట్టు పగలు మెత్తబడి రాత్రి గట్టిపడుతుంది. అట్లా గట్టిపడేటప్పుడు ఫ్యాక్టరీవారి జాగ్రత్త ఎవరు తీసుకుంటారు? వెన్న పైకి తేలి తెల్లని మచ్చలుగా కట్టును. ఎండలు లేకపోయినా నెలలు గడిచిన కొద్దీ అయిదవ రకం తనంతట తానే ఆరవ రకంగా మారుతూ ఉండును. దానికీ పైన తెలుపు వచ్చును. ఇది వెన్న తెలుపు. తింటే హాని లేదు, మైనం నమిలినట్లుండవచ్చును.

ఇంకొకటి పంచదార తెలుపు. రిఫ్రిజిరేటరునుంచి తీసి వెంటనే విప్పితే చల్లని పలక మీద గాలిలోని తేమ చెమటవలె పట్టును. ఆ తడిలో పంచదార కరిగి, ఆరిన తరువాత గరుకుగా పేరుకొనును. ఇదీ హాని లేనిదే.

రెంటికీ తేడా తెలుసుకొనుట సులభం. మచ్చ మీద వేలు పెట్టి మెల్లగా రుద్దండి. నూనెవలె కరిగి మాయమైతే వెన్న. గరుకుగా నిలిచి, నీటిబొట్టు వేస్తే కరిగితే పంచదార. దూదివలె, నూలుపోగువలె లేచి ఉండి, పచ్చగానో నీలంగానో నల్లగానో రంగు తిరిగి, ముక్కు దగ్గర పెట్టితే పాతగోడ వాసన వస్తే అది నిజంగా బూజు. అప్పుడు రెండవ మాట లేదు, డబ్బాకు డబ్బా పారవేయవలెను. బూజు పైన కనబడిన చోట మాత్రం గీకి తక్కినది తినుట పొదుపు కాదు.

పాత చాక్లెట్టు ఎంత పాతదిగా ఉండవచ్చునో ఒక వింత చెప్పి ముందుకు పోతాము. 1900 సంవత్సరంలో విక్టోరియా రాణి దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధం చేయుచున్న సిపాయిలకు నూతన సంవత్సరపు కానుకగా ఒక్కొక్క డబ్బా చాక్లెట్టు పంపినది. తయారు చేసినవారు కాడ్‌బరీ, ఫ్రై, రౌంట్రీ అను మూడు కంపెనీలవారు. వారు క్వేకరు మతస్థులు, యుద్ధమంటే గిట్టనివారు. అయినా రాణి మాట కాదనలేక చేసి ఇచ్చినారు. అట్టి డబ్బా ఒకటి 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌బరో హాల్ అను పాత భవనంలో అటకమీద దొరికినది. లోపల చాక్లెట్టు పలక ఆకారం చెడక అట్లే ఉన్నది. 121 ఏండ్లు! చూచినవారు ఆశ్చర్యపడినారు గాని, తినదగిన వయస్సు దాటినదనే చెప్పినారు. ఆకారం నిలుచుట ఒకటి, తినుట ఒకటి. ఆ సిపాయి దానిని ఎందుకు తినలేదో మనకు తెలియదు. మన సోదరి బీరువాలో దాచిన కారణమే కావచ్చును.

అన్ని చాక్లెట్లూ ఒక్కటి కాదు. కోకో ఎక్కువ, పాలు లేని నల్ల చాక్లెట్టు అందరికన్న ఆయుష్మంతురాలు. సరిగా ఉంచితే రెండేండ్ల దాకా బాగుండును. కోకోలో ఉన్న పదార్థాలే దాని కొవ్వు పాడుకాకుండ కాపాడుతవి. పాల చాక్లెట్టు సుమారు ఏడాది. తెల్ల చాక్లెట్టులో కోకో పొడి బొత్తిగా లేదు, వెన్న, పాలు, పంచదారలే. అందుచేత దానికి కాపలా తక్కువ, వెలుతురు తగిలినా వాసన మారును. ఇక బాదం, జీడిపప్పు, హేజల్‌నట్ వేసినవి ముందుగా చెడును. పప్పులోని నూనె కనరెక్కును. కొబ్బరినూనె సీసా అడుగున మిగిలి నెలలైనప్పుడు వచ్చే వాసన ఎరుగని వారుండరు గదా. అదే వాసన, అదే చేదు. కనరెక్కిన చాక్లెట్టు ఒక ముక్క తిన్నవాడు చచ్చిపోడు. కాని తినవలసిన అవసరమూ లేదు.

చవక రకాలలో కోకో వెన్నకు బదులు పామాయిల్ గింజ నూనె వంటి వాటిని గట్టిపరిచి వాడుదురు. మన ఎండకు ఇవి అంత త్వరగా కరగవు. అందువల్ల పెట్టెకొట్లలో గాజుసీసాలలో ఉండేవి ఎక్కువగా ఇవే. ఈ నూనెకు తేమ తగిలి చెడినప్పుడు సబ్బు నాకినట్లు రుచి వచ్చును. పిల్లవాడు “సబ్బులాగ ఉంది” అని ఉమ్మివేస్తే కోప్పడకండి. వాడి నాలుక సరిగానే పనిచేయుచున్నది.

పప్పుల విషయంలో ఇంకొక మాట. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా కారణం తెలియకుండా చచ్చిపోయినవి. వెదకగా వెదకగా బ్రెజిలునుంచి వచ్చిన వేరుశనగ పిండిలో ఒక జాతి బూజు, అది చేసిన విషము బయటపడినవి. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. కాలేయానికి బహు చెడ్డది, వంటవేడికి సులభముగా పోదు. మంచి కంపెనీలు పప్పులను దీనికోసం పరీక్ష చేసి వాడుదురు. ఇంటిలో చేసిన చాక్లెట్లు ఈమధ్య బాగా అమ్ముడగుచున్నవి. పెండ్లిండ్లలో తాంబూలం సంచిలో కూడా వేయుచున్నారు. అవి చేసేవారు ముడిగిన పప్పు, రంగు మారిన పప్పు ఏరివేయవలెను. తినేవారు నోటికి చేదు పప్పు తగిలితే మింగక ఉమ్మివేయవలెను. లోపల క్రీము, పండ్ల గుజ్జు కూరినవి చాక్లెట్టు పేరు పెట్టుకొన్న కోవాలే. వాటికి వారాల లెక్కే గాని నెలల లెక్క లేదు. విదేశపు డబ్బాలలో కొన్నిటి లోపల సారాయి కూడా ఉండును. పిల్లల చేతికి ఇచ్చే ముందు లేబులు చదువుట పాతదైనా కొత్తదైనా అవసరమే.

పురుగుల సంగతికి వద్దాము. 2003 అక్టోబరులో, దీపావళి ముందర, మహారాష్ట్రలో కాడ్‌బరీ డైరీ మిల్క్ చాక్లెట్లలో పురుగులు కనబడి దేశమంతా గగ్గోలు లేచినది. కొట్లలో సరిగా నిలువచేయకపోవడమే కారణమని కంపెనీ, కట్టిన పొట్లమే సరిగా లేదని ప్రభుత్వాధికారులు వాదులాడుకొన్నారు. అప్పటిదాకా రేకు కాగితం చుట్టి పైన ఒక కాగితపు తొడుగు వేసేవారు. 2004లో గాలి చొరకుండ వేడితో అతికిన పొట్లాలు వచ్చినవి. అమితాబ్ బచ్చన్‌గారు ప్రకటనలలో కనబడి ధైర్యం చెప్పినారు. అంతటితో తీరినదనుకొంటే, 2024 ఫిబ్రవరిలో మన తెలుగు హైదరాబాదులోనే అమీర్‌పేట మెట్రో స్టేషనులోని కొట్టులో కొన్న చాక్లెట్టులో పురుగు పాకుచున్న చిత్రం అందరి ఫోనులలో తిరిగినది. తెలంగాణ రాష్ట్ర ఆహార ప్రయోగశాల నమూనాలను పరీక్షించి, అవి తినుటకు సురక్షితము కావని నివేదిక ఇచ్చినది.

ఈ పురుగు ఎవరో కాదు. మన బియ్యపుడబ్బాలో, రవ్వలో గూడు కట్టే చిన్న గోధుమరంగు చిమ్మట జాతి బిడ్డే. చాక్లెట్టు వాసన, అందులోనూ పప్పు చాక్లెట్టు వాసన, దానికి మహా ఇష్టం. పొట్లం అతుకు దగ్గర సూది మోపినంత సందు చాలును. పలుచని ప్లాస్టికును కొరికి పోగలిగినవి కూడా ఉన్నవి. పురుగు పట్టినది తింటే ప్రాణం మీదికి వచ్చుట అరుదు గాని, అది తినదగినది కాదు. పొట్లం విప్పగానే సాలెగూటివంటి పోగులు, మిరియపుపొడివంటి రెట్ట, చిన్న సొరంగాలు ఉన్నవా అని వెలుతురులో చూడవలెను. చీకటిలో, సినిమా హాలులో, రైలులో చూడకుండ నోట వేసుకొనుట అలవాటైపోయినది. కొత్త పొట్లంలో పురుగు కనబడితే బిల్లు, పొట్లం, మిగిలిన ముక్క జాగ్రత్త చేసి జిల్లా ఆహార భద్రతాధికారికి ఇవ్వవచ్చును. పారవేసి తిట్టుకొంటే ప్రయోజనం లేదు.

పాతదనంతో సంబంధం లేని భయం ఒకటున్నది. అందరూ దానినే మరచిపోతారు. సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి చాక్లెట్టులో పెరగలేదు, నీరు లేదు గనుక. కాని ఒకసారి ఫ్యాక్టరీలో లోపల పడితే నెలల తరబడి చావక పొంచి ఉండగలదు. కొవ్వు దానికి కవచం. కడుపులోని పులుపుకు కూడా చిక్కకుండ ప్రేగులకు చేరును. అందుచేత కొద్దిపాటి చేరినా జబ్బు చేయును. 2006లో ఇంగ్లండులో కాడ్‌బరీవారి ఫ్యాక్టరీలో ఒక గొట్టం కారి, ఈ జీవి చేరి, పది లక్షల పలకలు వెనక్కు తీసుకొన్నారు. మరుసటి ఏడు న్యాయస్థానం పది లక్షల పౌనుల జుల్మానా వేసినది. 2022 ఏప్రిల్‌లో ఈస్టరు పండుగ ముందర బెల్జియంలో ఆర్లాన్ అను ఊరి ఫెరేరో ఫ్యాక్టరీనుంచి వచ్చిన కిండర్ చాక్లెట్లు తిని అనేక దేశాలలో వందలమందికి జబ్బు చేసినది. ఎక్కువమంది పదేండ్లలోపు పిల్లలు. ఆ ఫ్యాక్టరీని కొంతకాలం మూసివేసినారు. ఆ చాక్లెట్లు పాతవి కావు, తెలుపు పట్టినవి కావు, వాసన మారినవి కావు. చూపుకు, ముక్కుకు, నాలుకకు దొరకని దోషమిది.

దీనికి మనము చేయగలిగినది కొద్ది. విదేశపు డబ్బా వచ్చినప్పుడు ఫలానా సరుకు వెనక్కు తీసుకొన్నారా అని పిల్లల చేత ఫోనులో ఒకసారి వెదికించవచ్చును. తిన్న తరువాత జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకొంటే, పసివారికీ వృద్ధులకూ గర్భిణీలకూ ఆలస్యం చేయక ఉప్పు పంచదార నీళ్ల పొట్లం కలిపి త్రాగించుచూ డాక్టరు వద్దకు పోవలెను. రక్తం కనబడితే ఆ గంటలోనే పోవలెను. తిన్న పొట్లం పారవేయక చూపవలెను.

దాచే విధానం చెప్పుట తేలిక, చేయుట మన ఊరిలో కష్టం. చాక్లెట్టుకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం, పొడి గాలి, చీకటి కావలెనని పుస్తకాలు చెప్పును. సంజీవికొండ నీడలో మనకు మామిడితోటలు ఉన్నవి గాని 18 డిగ్రీల అర ఏ ఇంటిలో ఉన్నది? కార్తికం, మార్గశిరం పోతే తక్కిన నెలలలో రిఫ్రిజిరేటరే గతి. అట్లా పెట్టేటప్పుడు పొట్లం మీద ఇంకొక కాగితం చుట్టి, గాలి చొరని మూతడబ్బాలో వేసి పెట్టవలెను. కోకో వెన్న వాసనను పీల్చును. ప్రక్కన సాంబారు గిన్నె, కోసిన ఉల్లిపాయ ఉంటే మరునాటికి చాక్లెట్టులో అదే రుచి. తీసేటప్పుడు డబ్బా మూత విప్పక ఒక గంట బయట ఉంచి, చల్లదనం పోయిన తరువాత విప్పితే చెమట పట్టదు. బీరువాలో నాఫ్తలీన్ గుండ్ల ప్రక్కన దాచే అలవాటు మాత్రం ఈ పూటే మానవలెను. ఆ వాసన పట్టిన చాక్లెట్టు తెలుపు పట్టకపోయినా, తేదీ దాటకపోయినా పనికిరాదు.

ఒక విశేషం, కోకో చెట్టు మన ప్రాంతానికి కొత్తది కాదు. మన దేశంలో మొట్టమొదట కోకో నాటినది 1798లో, ఇక్కడికి దక్షిణాన ఉన్న కుట్రాలంలోనే, ఈస్టిండియా కంపెనీవారు. అప్పుడు అంతగా సాగలేదు. ఇప్పుడు దేశంలో అన్నిటికన్న ఎక్కువగా పండించేది ఆంధ్ర రాష్ట్రం, అందులో పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతాలు, కొబ్బరి, పామాయిల్ తోటలలో అంతరపంటగా. 2024లో ప్రపంచమంతటా ధర ఆకాశానికెక్కి, మరుసటి ఏడు దిగజారినప్పుడు అక్కడి రైతులు వీధికెక్కవలసి వచ్చినది. మన పిల్లలు అమెరికానుంచి మోసుకొచ్చేది ఏ దేశపు గింజో గాని, తెలుగువారి తోటల గింజలతో చేసిన మంచి చాక్లెట్లు హైదరాబాదులో అమ్ముచున్నారు. రైలులో వచ్చేవారితో చెప్పి తెప్పించుకొంటే డబ్బాకు రెండేండ్ల వయసు ఉండదు.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. కొందరికి నచ్చకపోవచ్చును.

తేదీ దాటిన చాక్లెట్టు ఇంటివారు తినరు. చెత్తబుట్టలో వేయుటకూ చేయి రాదు. అప్పుడు ఇల్లు ఊడ్చే అమ్మాయి గుర్తుకు వచ్చును. “నీ పిల్లలకు ఇయ్యి” అని పొట్లం చేతిలో పెట్టుదుము. ఆమె సంతోషంగా కొంగున కట్టుకొని పోవును. తన పిల్లలకు ఏ లేబులూ చదివి వినిపించదు. ఆ పొట్లం మన మనుమడికి పెట్టతగినదని మనకు నమ్మకముంటే, మొదట మన మనుమడికి ఒక ముక్క పెట్టి మిగిలినది ఆమెకు ఇవ్వవచ్చును. మన మనుమడికి వద్దన్నది ఆమె పిల్లలకు ఎట్లు మంచిదగును? వారి కడుపులో రాయి ఉన్నదా? జబ్బు చేస్తే మనకు కారు ఉన్నది, తెలిసిన డాక్టరు ఉన్నాడు. ఆమెకు ఒకరోజు కూలి పోవును. దీపావళికి మిల్లులలో, ఆఫీసులలో పంచిన కానుక డబ్బాలు చేతులు మారి మారి ఆరు నెలలకు తోటమాలి ఇంటికి చేరుటయు ఇట్టిదే. ఇవ్వదలచుకొన్నది వచ్చిన వారంలోనే ఇస్తే ఇచ్చినట్లుండును. వ్యాపారం పేర ఇదే పని చేసేవారూ ఉన్నారు, తేదీ దాటిన సరుకుకు కొత్త లేబులు అంటించి అమ్మేవారు. ఆ బెడద మూలముననే 2024 డిసెంబరులో ఆహార భద్రతా సంస్థ, తేదీ దాటిన సరుకు ఎంత, దానిని ఏమి చేసినారు అని కంపెనీలు మూడు నెలలకొకసారి లెక్క చెప్పవలెనని ఉత్తరువు వేసినది. సగం ధరకు చాక్లెట్లు అమ్మే చోట తేదీ మీద ఇంకొక కాగితం అంటించి ఉన్నదేమో గోటితో చూడండి.

మా సోదరి ఉత్తరానికి జవాబు. అమ్మా, మీ డబ్బా తీసి వెలుతురులో పెట్టండి. తేదీని అమెరికా లెక్కన చదవండి. రెండేండ్లంటే పాల చాక్లెట్టుకు, పప్పు వేసినదానికి ఆయుష్షు తీరినట్లే. నల్లదయితే ఇంకా ఆశ ఉన్నది. పొట్లాలు చెక్కు చెదరక ఉన్నవా, పోగులు, రెట్ట లేవుగదా చూడండి. తెలుపును వేలితో రుద్దండి. వాసన చూడండి. అన్నీ సరిపోతే మీరే ఒక చిన్న ముక్క నోట వేసుకొని చూడండి. మైనంవలె ఉండి రుచి బాగుంటే, వేడిపాలలో కరిగించి త్రాగితే ఆ మైనం గుణం పోవును. కనరు, సబ్బు, నాఫ్తలీన్, ఏది తగిలినా ఇక ఆలోచించకండి. లోపల పప్పు, క్రీము ఉన్నవాటిని రుచి చూడడం కూడా వద్దు. మనుమలకు మాత్రం కొత్తది కొనిపెట్టండి. సందేహం ఉన్నది పిల్లలమీద పరీక్ష చేయరాదు.

మీరు పారవేయలేకపోవుట చాక్లెట్టు కోసం కాదని మాకు తెలుసు. విమానం దిగి వచ్చి అబ్బాయి మీ చేతిలో పెట్టినది గనుక దాచినారు. ఆ అబ్బాయి ఆ డబ్బాను మీరు తినాలనే మోసుకొచ్చినాడు. ఫోను చేసినప్పుడు “తిన్నావా అమ్మా?” అని అడిగితే “తిన్నానురా” అని ఎన్నిసార్లు అన్నారో మీకే తెలియాలి. ఈసారి తెచ్చినప్పుడు అతని ఎదుటనే విప్పి తినండి. రేకుడబ్బా బాగున్నదంటిరి, దానిని కడిగి ఎండలో పెట్టి సూదులు, దారాలు వేసుకొనండి, అతని ఉత్తరాలు వేసుకొనండి. అది నూరేండ్లున్నా ఎవరికీ కడుపునొప్పి రాదు.

పారవేసే ముందు ఒక హెచ్చరిక. మన ఊరి పేరు పెట్టుకొన్న కుక్క లోకప్రసిద్ధం. 2005లో తపాలాశాఖవారు మన దేశపు నాలుగు జాతుల కుక్కలకు బిళ్లలు వేసినప్పుడు అందులో రాజపాళయం ఒకటి. అట్టి కుక్కను గుమ్మంలో కట్టుకొన్న ఇంటివారు మిగిలిన చాక్లెట్టును దానికి వేయరాదు. కోకోలో థియోబ్రొమిన్ అను పదార్థమున్నది. మనకు అది త్వరగా విరిగిపోవును. కుక్క శరీరంలో చాలాసేపు నిలిచి గుండెను పరుగెత్తించి, వాంతులు, వణుకు, మూర్ఛ తెచ్చును. 25 కిలోల కుక్కకు 100 గ్రాముల నల్ల చాక్లెట్టు పలక ఒకటి చాలును జబ్బు చేయుటకు. చిన్న పిల్లకైతే పాల చాక్లెట్టు కొన్ని ముక్కలైనా ఎక్కువే. కొత్తదైనా పాతదైనా ఒకటే. తిన్నదని తెలిస్తే పొట్లం చేత పట్టుకొని వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవలెను. చెత్తబుట్టలో వేసేటప్పుడు వీధికుక్కలు లాగకుండ కాగితంలో గట్టిగా కట్టి, మూత ఉన్న బుట్టలోనే వేయండి.